విద్యుత్ కంపెనీలకు న్యాయమైన లాభమెంత?

నెలకొక్కమాఱు మన యిండ్లకు వచ్చు కరెంటు బిల్లును చూచి నిట్టూర్పు విడువనివారు అరుదు. ఆ బిల్లునందలి మొత్తము ఎట్లు పుట్టినదో విచారించినవారు అంతకంటె అరుదు. బియ్యము ధర హెచ్చినప్పుడు వానలు లేవనియో, వర్తకుడు గిడ్డంగిలో దాచెననియో ఏదో యొక కారణము చెప్పుకొందుము. కరెంటు ధర హెచ్చినప్పుడు మాత్రము ప్రభుత్వమును నాలుగు మాటలని ఊరకుందుము. ఇందుకు మనలను పూర్తిగ తప్పుపట్టుటకు వీలులేదు. బియ్యము ధర అంగడిలో బేరమువలన పుట్టును. దానిని కన్నులార చూడగలము. కరెంటు ధర ఒక లెక్కవలన పుట్టును. ఆ లెక్కను కట్టువారు కొందఱు, సరిచూచువారు మఱికొందఱు, దాని భారమును మోయువారు కోట్లకొలది జనులు. ఈ లెక్కకు నూటయేబది సంవత్సరముల చరిత్ర కలదు. దానిని చదువరులకు తెలుపుటయే యీ వ్యాసమున మా యుద్దేశము.

మొదట ఒక పొరపాటును తొలగింపవలసియున్నది. నూనె వర్తకుడు శేరు నూనెమీద ఇంత లాభమని వేసికొని అమ్మునట్లు, కరెంటు కంపెనీయు యూనిట్టుమీద ఇంత లాభమని వేసికొని అమ్ముచున్నదని మనలో పెక్కుమంది తలంపు. విద్యావంతులు సైతము ఇట్లే తలంతురు. మేమును చిరకాలము ఇట్లే తలంచితిమి. వాస్తవమున, ప్రభుత్వ నియంత్రణకు లోబడిన విద్యుత్ కంపెనీకి కరెంటుమీద లాభము నిర్ణయింపబడదు. బొగ్గును ఎంతకు కొనెనో అంతయే వినియోగదారునినుండి రాబట్టుకొనవలెను. పనివానికి ఎంత జీతమిచ్చెనో అంతయే రాబట్టుకొనవలెను. దాని లాభమంతయు అది పాతిన స్తంభములమీద, లాగిన తీగెలమీద, కట్టిన యంత్రశాలలమీద, అనగా పెట్టిన మూలధనముమీద, నూటికింత అని లెక్కకు వచ్చును. ఈ యొక్క సంగతి గ్రహించినవారికి తక్కిన చరిత్ర సులభముగ బోధపడును.

పదునేడవ శతాబ్దమున ఇంగ్లండు దేశపు ప్రధాన న్యాయమూర్తిగ నుండిన మాథ్యూ హేల్ ఓడరేవులనుగూర్చి ఒక గ్రంథము వ్రాసెను. రేవునందు సరకు దింపుటకు ఒకే గట్టు ఉన్నప్పుడు దాని యజమాని తనకు తోచినంత కిరాయి అడుగరాదనియు, అట్టి ఆస్తి సొంత ఆస్తియే యైనను ప్రజల ప్రయోజనముతో ముడిపడినదగుటచే కిరాయి మితముగ నుండవలెననియు ఆతని మతము. ఈ గ్రంథము న్యాయవాదుల అలమారలలో దుమ్ముపట్టియుండగా, ఆతని మరణమునకు రెండువందల యేండ్ల తరువాత అమెరికా గోధుమరైతులకు అక్కఱకు వచ్చెను. ఆ రైతులు తమ ధాన్యమును షికాగో నగరమునకు రైలుమీద పంపుచుండిరి. అచ్చట ఎత్తైన కొట్లలో దానిని నిలువచేసి ఓడల కెక్కించువారు కొలదిమంది. వారందఱు కూడబలుకుకొని కిరాయిని నిర్ణయించుచుండిరి. 1871లో ఇల్లినాయి రాష్ట్ర శాసనసభ ఆ కిరాయికి హద్దు పెట్టెను. మన్ అను కొట్ల యజమాని, నా యాస్తికి నేను అడుగదగిన కిరాయిని చెప్పుటకు ప్రభుత్వ మెవ్వరని వ్యాజ్యమాడెను. 1877లో అమెరికా సుప్రీంకోర్టు, ప్రధాన న్యాయమూర్తి వెయిట్ నోట, హేల్ గ్రంథమునే ప్రమాణముగ చూపి రైతుల పక్షమున తీర్పు చెప్పెను. ప్రజల ప్రయోజనముతో ముడిపడిన వ్యాపారమునకు ప్రజలు ధర నిర్ణయింపవచ్చునన్న సూత్రము ఇట్లు స్థిరపడెను. చదువరుల యింట వెలుగు దీపమునకు ధర నిర్ణయించు అధికారము ఈ ధాన్యపు కొట్లనుండియే పుట్టినది.

ధర నిర్ణయింపవచ్చును, నిజమే. కాని ఎంతవఱకు తగ్గింపవచ్చును? ఒక రాష్ట్రము రైలు కిరాయిని కాసుకు దించినచో అది రైలును దోచుకొనుటయే గదా! నెబ్రాస్కా రాష్ట్రము నిర్ణయించిన రైలు కిరాయిలమీద ఈ ప్రశ్న వచ్చినది. ఆ వ్యాజ్యమున రాష్ట్రము పక్షమున వాదించినవారిలో విలియం జెన్నింగ్సు బ్రయన్ ఒకడు. 1898లో సుప్రీంకోర్టు, కంపెనీకి తన యాస్తియొక్క న్యాయమైన విలువమీద న్యాయమైన లాభము రావలెనని తీర్పు చెప్పెను. వినుటకు ఇంపైన మాటయే. కాని న్యాయమైన విలువయన నేమి? రైలుమార్గము వేయుటకు ఆనాడు అయిన వ్యయమా? నేడు మరల వేసినచో అగు వ్యయమా? అంగడిలో దాని వాటాల వెలయా? ఈ కడపటిదానిలో ఒక చిక్కుకూడ నున్నది. ఆస్తియొక్క వెల అది తెచ్చు రాబడినిబట్టి యుండును. రాబడి కిరాయినిబట్టి యుండును. ఆ కిరాయినే మనము నిర్ణయింపబోవుచున్నాము. గానుగెద్దు తిరిగినట్లు తిరిగి మొదటి చోటికే వచ్చుచున్నాము.

మరల కట్టినచో ఎంతయగునన్న లెక్కను ఆనాడు కోరినవారు ప్రజల పక్షమువారే. ఏలయన ధరలు పడిపోయిన దినము లవి. వెనుక అధిక వ్యయముతో వేసిన రైళ్లను అప్పటి ధరలకు తక్కువ వ్యయముతోనే వేయవచ్చును. మొదటి ప్రపంచయుద్ధము తరువాత ధరలు ఆకాశమంటగా, అదే వాదమును కంపెనీలు ఎత్తుకొన్నవి. మా యంత్రశాలను నేడు మరల కట్టవలెనన్న రెట్టింపు కావలెను గనుక లాభమును రెట్టింపు విలువమీద ఇప్పింపుడని అడుగసాగినవి. సిద్ధాంతములు ఎంత ఉదాత్తములుగ కనబడినను వాని వెనుక ధరల పట్టిక యొకటి తెఱచియుండునని దీనివలన తెలియుచున్నది. ఏండ్లకొలది ఇంజనీర్లు, గణకులు, న్యాయవాదులు స్తంభము స్తంభమునకు వెలకట్టుచు బ్రదికిరి. వారి రుసుములు కూడ కడపట వినియోగదారుని బిల్లులోనికే చేరెను.

ఇక విద్యుత్తు సంగతి. శామ్యూల్ ఇన్సల్ అనునాతడు 1859లో లండను నగరమున సామాన్య కుటుంబమునందు పుట్టెను. 1881లో అమెరికా వెళ్లి, దీపము కనిపెట్టిన ఎడిసనుకు ఆంతరంగిక కార్యదర్శి యయ్యెను. 1892లో షికాగో ఎడిసన్ కంపెనీకి అధ్యక్షుడయ్యెను. ఆనాటి షికాగోలో చిన్న చిన్న దీపముల కంపెనీలు వీధికొకటి యుండెను. వీధులలో తీగెలు లాగుటకు అనుమతి ఇచ్చువారు నగరసభ సభ్యులు. ఆ యనుమతులకు వెల యుండెను. 1897లో వారిలో కొందఱు తామే ఒక కంపెనీని కాగితముమీద సృష్టించి, దానికి ఏబది సంవత్సరముల అనుమతి నిచ్చుకొని, ఇన్సలు భయపడి దానిని అధిక ధరకు కొనునని కాచుకొనియుండిరి. అయితే దేశమునందలి యంత్రముల తయారీదారులందఱితోను ఇన్సలు అంతకుముందే ఒడంబడిక చేసికొని, షికాగోలో తనకు దక్క అన్యులకు యంత్రములు అమ్మకుండ చేసియుండెను. యంత్రములు లేని కంపెనీని ఏమి చేసికొందురు? 50,000 డాలర్లకు దానిని ఇన్సలుకే అమ్మివేసిరి. ఏబది సంవత్సరముల అనుమతి అతనికి అట్లు చౌకగ దక్కెను.

మఱుసటి సంవత్సరమే, అనగా పైన చెప్పిన రైలు తీర్పు వచ్చిన 1898లోనే, ఇన్సలు విద్యుత్ కంపెనీల సంఘమునకు అధ్యక్షుడై షికాగోలో ఉపన్యసించుచు, మా వ్యాపారమునకు ప్రభుత్వము పగ్గము వేయవలెనని కోరెను. వినినవారు విస్తుపోయిరి. వర్తకుడు తన మెడకు తానే త్రాడు తగిలించుకొనుట ఎచ్చటనైన కలదా? అతని వాదము ఇట్టిది. ఒక వీధిలో రెండు కంపెనీలు స్తంభములు పాతినచో ఖర్చు రెండింతలగును, ఒకటి దివాలాయెత్తును, మిగిలినది రెండింటి ఖర్చును ప్రజలనుండి రాబట్టును. ఇట్టి అపాయమున్న వ్యాపారమునకు ధనికులు తక్కువ వడ్డీకి అప్పీయరు. అందుచేత ఊరికొక కంపెనీయే యుండవలెను. దాని ధరను ఖర్చుమీద మితమైన లాభము చేర్చి ప్రభుత్వము నిర్ణయింపవలెను. లాభమునకు హద్దున్నను నిశ్చయమున్నచో వడ్డీ తగ్గును. వడ్డీ తగ్గినచో ధర తగ్గును. ఈ వాదమున సత్యము కలదు. చెప్పని సంగతియు కలదు. ఆ దినములలో పెక్కు పురపాలక సంఘములు దీపములను తామే నడుపదలచుచుండెను. నగరసభ్యుల లంచములకంటెను, పురపాలక సంఘముల పోటీకంటెను ఒక కమిషనుతో వేగుట సులభమని ఇన్సలు ఎఱుగును. 1907లో విస్కాన్సిను, న్యూయార్కు రాష్ట్రములు ఇట్టి కమిషనులకు అధికార మిచ్చెను. న్యూయార్కున గవర్నరు ఛార్లెస్ ఇవాన్స్ హ్యూస్, విస్కాన్సినులో ఆచార్య జాన్ కామన్స్ ఆ చట్టములకు కర్తలు. వీరు నిజముగ ప్రజాహితులు. ఒకే చట్టమును సంస్కర్తయు వర్తకుడును కోరినప్పుడు, ఎవని కోరిక నెఱవేఱినదో తెలియుటకు కొంతకాలము పట్టును.

ఇప్పుడు ఆ లెక్కను చూతము. ఒక కల్పిత కంపెనీని తీసికొందము. అది యంత్రములమీద, తీగెలమీద 1 కోటి రూపాయలు పెట్టినది. యంత్రము లరిగినవి గనుక తరుగుదల 20 లక్షలు తీసివేయగా మిగిలినది 80 లక్షలు. దీనినే మూలధన ఆధార మందురు. కమిషను దీనిమీద నూటికి 8 వంతున లాభ మనుమతించినచో అది 6,40,000. బొగ్గునకు, జీతములకు, మరమ్మతులకు 15 లక్షలు, ఆ యేటి తరుగుదల 4 లక్షలు, పన్నులు 1,60,000. అన్నియు కలిపి 27 లక్షలు. కంపెనీ ఏట 90 లక్షల యూనిట్లు అమ్మునని అంచనా వేసినచో యూనిట్టు ధర 30 పైసలు. ఇంతే లెక్క. దీనియందు బ్రహ్మవిద్య యేమియు లేదు.

కాని యీ లెక్క నడచు తీరును కొంత నిదానించి చూడవలెను. బొగ్గు ధర 2 లక్షలు తగ్గినచో తరువాతి విచారణలో యూనిట్టు ధర తగ్గును. కంపెనీ లాభము మాఱదు. బొగ్గు ధర హెచ్చినను అంతే. కాని కంపెనీ 10 లక్షలతో క్రొత్త యంత్రము నిలిపి, అది అవసరమేయని కమిషనును ఒప్పించెనా, ఏటేట 80,000 రూపాయల లాభము దానికి చేరును. కావున పొదుపుచేసి బొగ్గును మిగిల్చిన యింజనీరుకంటె, పెద్ద యంత్రశాల కట్టింప నేర్చిన యింజనీరు యజమానులకు ప్రియుడగును. అనుమతించిన లాభపు వంతు, కంపెనీకి నిజముగ మూలధనమునకయ్యెడి వ్యయముకంటె హెచ్చుగ నున్నంతకాలము ఈ చాపల్యము తప్పదని 1962లో ఆవర్క్, జాన్సన్ అను అర్థశాస్త్రజ్ఞులు గణితముచే నిరూపించిరి. వినియోగదారుడు సాధారణముగ బొగ్గు కొనుగోలులోని అక్రమములను వెదకుచుండును, అవి వెదకదగినవే. అయితే ముప్పది సంవత్సరములు బిల్లులో నుండిపోవు వ్యయము యంత్రశాలది.

మఱియొక సూక్ష్మము కలదు. ధర ఒకసారి నిర్ణయమైన తరువాత మరల విచారణ జరుగువఱకు అదే ధర. ఈలోగా మన కల్పిత కంపెనీ 90 లక్షలకు బదులు 1 కోటి యూనిట్లు అమ్మినచో 3 లక్షలు అదనముగ వచ్చును; అందులో అదనపు బొగ్గు పోగా మిగిలినది కంపెనీదే. ఈ ఆలస్యమే పొదుపునకు వచ్చెడి ఏకైక బహుమానము. ఇన్సలు దీనిని బాగుగ వాడుకొనెను. 1894లో ఇంగ్లండునందలి బ్రైటనులో ఆర్థర్ రైట్ అను ఇంజనీరు ఏర్పరచిన మీటరు పద్ధతిని చూచి, యంత్రముల ఖర్చు రేయింబవళ్లు ఒకటేయనియు, పగలు ట్రాములకు, రాత్రి దీపములకు అమ్మినచో అదే యంత్రము రెండు పనులు చేయుననియు అతడు గ్రహించెను. అమ్మకము పెరిగినకొలది ధరలు తగ్గించుచు వచ్చెను. మనము అతని తప్పులను చెప్పబోవుచున్నాము గనుక ఈ యొప్పును కూడ చెప్పుట న్యాయము.

తప్పు ఎచ్చట జరిగెను? పైన చెప్పిన 80 లక్షలు ఎవరివి? సగము బాండ్ల రూపమున నూటికి 5 వడ్డీకి తెచ్చిన అప్పు, సగము వాటాదారుల సొమ్ము అనుకొందము. వడ్డీ 2 లక్షలు పోగా 6,40,000లో మిగిలినది 4,40,000. నలుబది లక్షల వాటాధనమునకు నూటికి 11 వంతు. అప్పును 60 లక్షలకు పెంచి వాటాధనమును 20 లక్షలకు తగ్గించినచో వడ్డీ 3 లక్షలు. మిగిలిన 3,40,000 ఇరువది లక్షలకు నూటికి 17 వంతు! కమిషను ఇచ్చినది 8. వాటాదారునికి దక్కినది 17. అక్రమ మేమియు జరుగలేదు. ఇక ఆ ఇరువది లక్షలలో సగమునకు పైగ వాటాలు కొన్నవాడు కోటి రూపాయల కంపెనీకి యజమాని యగును. ఆ వాటాలను కొనుటకు ఇంకొక కంపెనీ పెట్టి, దాని మూలధనములో అధికభాగమును మరల అప్పుగ తెచ్చి, దానిపైన మఱియొక కంపెనీని నిలిపినచో, పిడికెడు సొమ్ముతో పర్వతమంత ఆస్తిని ఏలవచ్చును. ఇన్సలు 1912లో మిడిల్ వెస్టు యుటిలిటీస్ అను ఇట్టి కంపెనీని స్థాపించెను. అది ముప్పదికి పైగ రాష్ట్రములకు వ్యాపించెను. 1928, 1929 సంవత్సరములలో దానిపై ఇంకను రెండు కంపెనీలు లేచెను. ఈ పై అంతస్తులలోని కాగితములను కొన్నవారిలో గుమాస్తాలు, ఉపాధ్యాయులు, వితంతువులు, ఆ కంపెనీకే బిల్లు కట్టు గృహస్థులు నుండిరి. కరెంటు కంపెనీకన్న భద్రమైన చోటేదని వారి విశ్వాసము. ఆ విశ్వాసము క్రింది అంతస్తునుగూర్చి నిజమే. పై అంతస్తులను ఏ రాష్ట్ర కమిషనును చూడలేదు. చూచుటకు దానికి అధికారము లేదు.

1929లో అంగడి కూలెను. 1930లో ఇన్సలు తన కంపెనీలపై ఇతరుల పెత్తనము రాకుండుటకై, సైరస్ ఈటన్ అను ధనికుని చేతిలోని వాటాలను దాదాపు 5 కోట్ల 60 లక్షల డాలర్లకు కొనెను. అందులో చాల భాగము అప్పు. తాకట్టు పెట్టిన వాటాల వెల పడిపోవుచుండగా న్యూయార్కు బ్యాంకులు పట్టు బిగించెను. క్రింది కంపెనీలో నూటికి నాలుగైదు వంతులు రాబడి తగ్గినచో, అప్పుపై అప్పుగ కట్టిన పై అంతస్తునకు ఏమియు మిగులదన్న సంగతి పై లెక్కవలననే చదువరులు ఊహింపగలరు. 1932 ఏప్రిలులో మిడిల్ వెస్టు కంపెనీ కోర్టు నియమించిన అధికారుల చేతిలో పడెను. జూనులో ఇన్సలు పదవులన్నియు వదలెను. లక్షలాది సామాన్యుల కూడబెట్టిన సొమ్ము మన్నుపాలయ్యెను. షికాగోలో దీపము లారినవా? లేదు. నియంత్రణకు లోబడిన కామన్‌వెల్తు ఎడిసన్ కంపెనీ నిలిచియేయుండెను. ఇన్సలు యూరపునకు వెళ్లి, గ్రీసు దేశమున తలదాచుకొని, 1934లో ఇస్తాంబులులో పట్టుబడి తిరిగి తేబడెను. న్యాయస్థానములు అతనిని నిర్దోషిగ విడిచినవి. 1938 జులైలో పారిసు నగరపు భూగర్భ రైలు స్టేషనులో మరణించెను.

1935లో అమెరికా ప్రభుత్వము హోల్డింగు కంపెనీల చట్టము చేసి, ఇట్టి అంతస్తులలో పెక్కింటిని పడగొట్టించెను. ఆ చట్టము 2005లో రద్దు చేయబడినది. విలువ లెక్కలోని తగవు 1944లో సమసెను. 1923లోనే బ్రాండైస్ న్యాయమూర్తి, ఆస్తి విలువను వెదకుట మాని, వివేకముతో పెట్టిన సొమ్ము ఎంతయో అది చూడవలెనని వేరుగ వ్రాసియుండెను. అప్పు డెవ్వరును వినలేదు. 1944లో హోప్ సహజవాయు కంపెనీ వ్యాజ్యమున డగ్లస్ న్యాయమూర్తి వ్రాసిన తీర్పు ప్రకారము, కమిషను ఏ పద్ధతి ననుసరించెనన్నది ముఖ్యము కాదు. తేలిన ఫలితము న్యాయముగ నుండవలెను. కంపెనీ తన పరపతి నిలుపుకొనుటకు, క్రొత్త మూలధనము తెచ్చుకొనుటకు చాలినంత లాభము, అంతటి అపాయమే గల ఇతర వ్యాపారములలో వచ్చునంత లాభము దానికి రావలెను. అంతకు మించి అడుగు హక్కు దానికి లేదు.

మన దేశమున 1910 నాటి విద్యుచ్ఛక్తి చట్టము లైసెన్సులిచ్చి గరిష్ఠ ధరలు నిర్ణయించు పద్ధతిని పెట్టెను. స్వాతంత్ర్యము వచ్చిన మఱుసటి సంవత్సరము, అనగా 1948లో, విద్యుత్ సరఫరా చట్టము వచ్చినది. దాని ఆఱవ అనుబంధము చదువదగినది. మన చట్టములలో ఇంత చక్కని లెక్కల పాఠము తక్కువ. లైసెన్సుదారుడు తన నికరలాభము సముచిత లాభమును మించకుండునట్లు ధరలు సర్దుకొనవలెనని అది విధించెను. 1956 సవరణ తరువాత ఆ లాభము రిజర్వు బ్యాంకు వడ్డీకి నూటికి 2 చేర్చిన వంతు. దేనిమీద? ఆస్తులకు మొదట అయిన వ్యయముమీద, తరుగుదల తీసివేసి. అమెరికా న్యాయస్థానములు ఏబదియేండ్లు పెనగులాడిన ప్రశ్నకు మన చట్టము ఒక వాక్యమున సమాధాన మిచ్చెను. వినియోగదారుడు తీగెకై తానే ఇచ్చిన సొమ్మును, అతడుంచిన డిపాజిట్టును మూలధనమునుండి తీసివేయవలెనని కూడ అందు కలదు. ఏలయన ప్రజల సొమ్ముమీద ప్రజలనే లాభమడుగుట తగదు. లాభము హద్దు మీఱినచో, మీఱినదానిలో మూడవ వంతు, అదియు ఒక పరిమితికి లోబడి, కంపెనీకి; మిగిలినదానిలో సగము ధరలను నిలకడగ నుంచుటకై నిధికి; సగము వినియోగదారులకు తగ్గింపు రూపమున. దీనిని వ్రాసినవారెవరో గాని వారికి మా నమస్కారములు.

ఇదే కాలమున మన గోదావరీతీరమున ఒక వ్యాజ్యము నడచెను. మద్రాసు ప్రభుత్వము విద్యుత్ కంపెనీలను స్వాధీనపఱచుకొనుటకు 1949లో చట్టము చేయగా, రాజమహేంద్రవరము విద్యుత్ సరఫరా కంపెనీ దానిని ఎదిరించి సుప్రీంకోర్టువఱకు పోయెను. వ్యాపార సంస్థలను స్వాధీనపఱచుకొను చట్టము చేయుటకు 1935 నాటి రాజ్యాంగ చట్టమునందు రాష్ట్ర శాసనసభకు అధికారము లేదని 1954లో ఆ న్యాయస్థానము చట్టమును కొట్టివేసెను. కంపెనీ గెలిచెను, కాని కాలము గెలువనీయలేదు. రాజ్యాంగము మాఱియుండెను, అదే యేట క్రొత్త చట్టము వచ్చెను, ఊళ్ల కంపెనీలు క్రమముగ ప్రభుత్వము చేతికి పోయెను. 1959లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు ఏర్పడినది.

బోర్డుకు వాటాదారులు లేరు. కావున లాభమునకు హద్దుతో పని లేకపోయెను. దానికి కావలసినది నష్టమునకు హద్దు. తరువాతి సవరణలవలన బోర్డులు తమ ఆస్తులపై నూటికి 3 మిగులు చూపవలెనని నియమ మేర్పడెను. ప్రభుత్వ సహాయము చేర్చుకొనియే దానిని కాగితముమీద చూపుట ఆచారమయ్యెను. పల్లెలకు తీగెలు పోయినవి, బావులకు మోటార్లు వచ్చినవి, మెట్టభూములు తడిసినవి; ఇది సామాన్యమైన మేలు కాదు. కాని వ్యవసాయపు మోటార్లకు మీటర్లు లేక, గుఱ్ఱపుశక్తిని బట్టి ధర కట్టుటచే, రైతు ఎంత వాడెనో, దారిలో ఎంత పోయెనో, దొంగలు ఎంత లాగిరో వేఱుపఱచు సాధనము లేకపోయెను. పోయినదంతయు రైతు ఖాతాలో వ్రాయుట గణకులకు సులభము. ఇన్సలు పై అంతస్తులలో చీకటి యుంచెను. మనము క్రింది అంతస్తులో నుంచితిమి.

1998 నాటి సంస్కరణ చట్టము ప్రకారము 1999లో బోర్డు విడిపోయి ఉత్పత్తికొక సంస్థ, ప్రసారమున కొకటి ఏర్పడినవి. అదే యేట నియంత్రణ కమిషను వచ్చినది. 2000లో పంపిణీ సంస్థలు వచ్చినవి. ఆ యేటి మే నెలలో కమిషను మొదటి ధరల ఉత్తర్వు వెలువడెను. దశాబ్దముల బాకీని ఒక్కసారి అడిగినట్లు ప్రజలకు తోచెను. ఆందోళన చెలరేగెను, 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగులో పోలీసులు కాల్పులు జరుపగా మనుష్యుల ప్రాణములు పోయినవి. ధరల పట్టికకై రక్తము చిందిన యా దినమును మఱచి ఈ విషయము వ్రాయుట మాకు సాధ్యము కాదు. 2004 మే నెలలో క్రొత్త ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి మొదటి సంతకము ఉచిత వ్యవసాయ విద్యుత్తుమీదనే చేసెను. అంతకు ముందటి యేట వచ్చిన కేంద్ర విద్యుత్ చట్టపు 65వ సెక్షను, ప్రభుత్వము ఎవరికైన తక్కువ ధరకు ఇప్పింపదలచినచో ఆ సొమ్మును ముందుగ చెల్లింపవలెనని చెప్పుచున్నది. ఉచితము తప్పని మేమనము. ఉచితమిచ్చుట ఎవరి ఖజానానుండి, ఏ తేదీన అన్నది తేలవలెను. చెల్లింపు జాగైనచో ఆ భారము పంపిణీ సంస్థ తెచ్చిన అప్పుమీద వడ్డీయై తిరిగి మనకే వచ్చును.

పంపిణీ సంస్థల వ్యయములో అధికభాగము కరెంటు కొనుగోలుది. ఉత్పత్తిశాలలతో దీర్ఘకాలపు ఒడంబడికలు చేసికొనినప్పుడు, ఇంధనపు వెల వేఱుగ, స్థిరమైన వెల వేఱుగ నుండును. ఈ రెండవది కరెంటు తీసికొనకున్నను ఇయ్యవలసినదే. కేంద్ర కమిషను 2009లో చేసిన నియమములనుబట్టి, 1 కోటి వ్యయమైన ఉత్పత్తిశాలలో 30 లక్షలను వాటాధనముగ ఎంచి, దానిపై నూటికి 15.5 వంతున, అనగా ఏటికి 4,65,000, లాభ మియ్యవచ్చును. చదువరులు మన కల్పిత కంపెనీని జ్ఞప్తికి తెచ్చుకొందురు గాక. అంచనాకు, నిజమైన ఖర్చుకు గల తేడాను తరువాత రాబట్టుటకు ట్రూ-అప్ అని పేరు. ఇటీవలి బిల్లులలో ప్రజలను కలవరపెట్టిన పంక్తి ఇదియే. న్యాయమైన ఖర్చేయని ఒప్పుకొనియు, ఎన్నికల భయముచేతనో, మఱి దేనిచేతనో నేడు వసూలు చేయక ముందునకు త్రోసిన మొత్తమునకు రెగ్యులేటరీ ఆస్తి యని పేరు. అప్పునకు ఆస్తి యని పేరుపెట్టిన భాష ఇంకొకటి కలదేమో మే మెఱుగము. పెక్కు రాష్ట్రములలో గుట్టలుపడిన యీ మొత్తములను గడువులోపల తీర్పవలెనని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించినది.

ప్రతి శీతకాలమున పంపిణీ సంస్థలు మఱుసటి యేటి రాబడి, ఖర్చుల అంచనాను కమిషను ముందు దాఖలు చేయును. అది అచ్చుపడి ఎవరికైనను లభించును; ఎవరైనను వ్రాతపూర్వకముగ అభ్యంతరము పంపవచ్చును, బహిరంగ విచారణకు వచ్చి చెప్పవచ్చును. సంస్థ దానికి జవాబీయవలెను. ఇట్లు పంపువారు తఱచుగ రైతుసంఘములవారు, మిల్లుల యజమానుల ప్రతినిధులు, లెక్కలమీద మక్కువగల యిద్దఱు ముగ్గురు విశ్రాంత ఉద్యోగులు. గృహస్థులు లేరు, స్త్రీలు మిక్కిలి అరుదు, ఇంటి బిల్లును కట్టుట తఱచుగ వారి పాలే యైనను. ఆ దస్త్రములో క్రొత్త ఉపకేంద్రములకు, తీగెలకు, యంత్రములకు పెట్టదలచిన సొమ్ము ఒక పట్టికగ నుండును. ముప్పది సంవత్సరముల బిల్లులు ఆ పట్టికలో నున్నవి.